మూడిళ్ళ పని

పాత వీధిని బాగుచేసే పథకానికి నియమాలు రాసే పని ఆమెకే ఎందుకు వచ్చిందో నగరపాలక సంస్థలో గుమాస్తా నుంచి డ్రైవరు దాకా అందరికీ తెలుసు. ఆమె పుట్టింది ఆ వీధిలో, పెరిగింది ఆ వీధిలో. ఇప్పుడంటే ఊరికి అవతలి కొసన లిఫ్టున్న బిల్డింగులో ఉంటోంది గానీ, పాత వీధిలో ఏ ఇంటి మెట్టు ఊగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. కమిషనరుగారు పిలిచి "నీ వీధేనమ్మా, నీ చేతులతోనే బాగుచెయ్యి" అన్న రోజున ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆనితే బాగుండేది.

ఆ వీధి సంగతి కాస్త చెప్పాలి. ఒకప్పుడు ఊరంతా బజారుకి అక్కడికే వచ్చేది. తర్వాత కొత్త రోడ్డు పడింది, బస్సులు అటు మళ్ళాయి, ఇక ఆ వీధిని పట్టించుకున్న నాథుడు లేడు. ఒక తరం పాటు దాని మీద ఎవరూ తట్టెడు తారు పోసిన పాపాన పోలేదు. దీపం పోతే పోయినట్టే. పాత వీధి అడ్రసు కనబడితే చాలు, బ్యాంకు మేనేజరు కాగితాలు మర్యాదగా వెనక్కి జరిపేవాడు. కింద దుకాణం, పైన కాపురం, వీధి పొడుగునా ఒకదాన్నొకటి అంటుకుని ఇళ్ళు. ఏ ఇంటికీ తనదంటూ పక్క గోడ లేదు. ఒకే గోడకి అటు ఒక సంసారం, ఇటు ఒక సంసారం. వెనక వీధి ఇళ్ళు కూడా వీపులానించి నిలబడ్డాయి కాబట్టి, గాలి రావాలన్నా మనిషి రావాలన్నా వీధి గుమ్మం ఒక్కటే దారి.

అందుకే అక్కడ ఒక పద్ధతి ఉండేది. దాన్ని మూడిళ్ళ పని అనేవాళ్ళు. ఎవరైనా గోడ ముట్టుకోవాలన్నా, స్తంభం మార్చాలన్నా, అటు ఇంటివాళ్ళూ ఇటు ఇంటివాళ్ళూ కూడా సామాను సర్దుకుని, దూలాల కింద దుంగలు ఆనించి, మూడిళ్ళకూ ఒకేసారి పని చేయించుకునేవాళ్ళు. ప్రేమతో చేసేవాళ్ళనుకునేరు! మూతులు ముడుచుకుంటూ, "మీ వంటింటి పొగకే మా గోడ పాడైంది" అని దెప్పుకుంటూ చేసేవాళ్ళు. కానీ చేసేవాళ్ళు. ఒంటరిగా ఇల్లు ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

ఆమె అక్క ఇప్పటికీ ఆ వీధిలోనే, పుట్టినింట్లోనే ఉంది. దర్జీ పని. తల్లి పోయేనాటికి చెల్లెలు పలక పట్టే వయసు. అప్పట్నుంచీ మిషను తొక్కి తొక్కి ఆ పిల్లను చదివించింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "ముందు దీన్ని ఒడ్డున పడెయ్యనివ్వండి" అనేది. పక్కన కూర్చోబెట్టుకుని బొత్తాలు కుట్టడం, గుడ్డ మీద ముడత చూడటం నేర్పింది. అడ్డంగా వచ్చిన ముడత ఇస్త్రీ చేస్తే పోతుందట, ఏటవాలుగా వచ్చిందంటే మాత్రం లోపలెక్కడో కొలత తప్పినట్టేనట. చెల్లెలు ఒడ్డున పడింది, ఆఫీసరైంది. అక్క మిషను దగ్గరే ఉండిపోయింది. ఎడమ పక్కింట్లో సైకిళ్ళు బాగుచేసే మావయ్య, కుడి పక్కింట్లో ఫోటోలు తీసే బాబాయి. ఇద్దరితోనూ రక్తసంబంధం ఏమీ లేదు, గోడ సంబంధమే.

ఇక నియమాల దగ్గరికి వద్దాం. ఆమె రాసిన మొదటి ముసాయిదా బంగారంలాంటిది. పక్కపక్కనున్న మూడిళ్ళు కలిసి ఒకే దరఖాస్తు పెట్టాలి, గ్రాంటు మూడింటికీ కలిపే ఇవ్వాలి, పని మూడింటికీ ఒకేసారి జరగాలి. రాసి, చదువుకుని, తనలో తనే మురిసిపోయింది. ఆ మురిపెం పట్టలేక కాంటీన్లో టీ తాగుతూ సెక్షన్ వాళ్ళకు చూపించింది. అక్కడొచ్చింది తంటా.

ఆ సెక్షన్లో ఒక సూపరింటెండెంటు ఉన్నాడు. చాటున ఆయన్ని అందరూ సూదిమందు అంటారు. నవ్వుతూనే గుచ్చుతాడు, మంట తర్వాత తెలుస్తుంది. ఆయన కాగితాలు తిరగేసి కళ్ళజోడు పైకెత్తాడు.

"బ్రహ్మాండం మేడమ్! వీధంతా బాగుపడిపోతుంది. పైగా మీ అక్కయ్యగారి ఇల్లు కూడా మధ్యలో భలే కుదిరింది!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. టీ మాత్రం సగంలోనే వదిలేసి లేచింది.

అంతే జరిగింది. పోట్లాట లేదు, బెదిరింపు లేదు, ఒక్క ఎకసెక్కెం. ఆ మధ్యాహ్నమే గది తలుపు వేసుకుని నియమాలు తిరగరాసింది. ఎవరిల్లు వాళ్ళది, ఎవరి దరఖాస్తు వాళ్ళది. వీధి వైపు ముఖభాగం బాగుచేసుకుంటేనే గ్రాంటు. ఆఖర్న, ఎవరూ అడక్కుండానే ఇంకో వాక్యం చేర్చింది: ఈ సంస్థలో పనిచేసేవారి దగ్గరి బంధువులు అర్హులు కారు. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది. అక్కకు న్యాయంగా రావలసిందాన్ని కూడా రాకుండా చేసి, దానికి నిజాయితీ అని పేరు పెట్టుకుంది మహాతల్లి.

సాయంత్రం వెళ్ళి అక్కకు చెప్పింది. అక్క పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని చొక్కాకి చేతులు కూరుస్తోంది. సూదులన్నీ ఒక్కొక్కటే తీసి గుచ్చాక అంది.

"పోనీలేవే. నీ ఉద్యోగం కన్నా ఎక్కువా? నా ఇంటికి రంగు లేకపోతే గిరాకీలు రారా ఏంటి?"

"అది కాదక్కా, రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే..."

"అర్థమైందన్నాగా." అక్క చొక్కా దులిపింది. "కానీ చిన్నీ, అటు మావయ్య, ఇటు బాబాయి ఎవరి మానాన వాళ్ళు తవ్వుకుంటే నా గోడల సంగతేంటి? ఇది మూడిళ్ళ పని కదే."

"ఇంజనీర్లు అన్నీ చూస్తారక్కా. నువ్వేం బెంగపెట్టుకోకు."

ఇంజనీర్లు చూశారు. చూడలేదని వాళ్ళను అనడానికి లేదు. మావయ్య ఇంటి ప్లాను విడిగా వచ్చింది, విడిగా చూశారు. ముందు స్తంభం తీసేసి వెడల్పాటి అద్దం పెట్టుకుంటాడట. బరువు పక్కింటి గోడ మోస్తుంది, పర్వాలేదన్నారు. కొన్నాళ్ళకు బాబాయి ఇంటి ప్లాను వచ్చింది. ఆయనా స్తంభం తీసేసి అద్దం పెట్టుకుంటాడట. బరువు పక్కింటి గోడ మోస్తుంది, పర్వాలేదన్నారు. ఇద్దరి పక్కిల్లూ ఒకటేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అక్కకు దరఖాస్తే లేదు కాబట్టి ఆ ఇంటి ప్లాను ఏ బల్ల మీదకీ రాలేదు.

వీధికి కళ వచ్చిన మాట మాత్రం నిజం. కొత్త దీపాలు, కొత్త రంగులు, నిలువెత్తు అద్దాలు. ఫోటోల బాబాయి తన దుకాణం అద్దంలో తన బొమ్మ తనే చూసుకుని పొంగిపోయేవాడు. "అమ్మాయ్, నీ పుణ్యమా అని ఈ వయసులో పెళ్ళికొడుకునయ్యాను" అని ఫోన్ చేసి మరీ చెప్పాడు. మధ్యలో అక్క ఇల్లు మాత్రం పెచ్చులూడి, నల్లబడి, ఎప్పటిలాగే ఉంది.

మొదట గుమ్మం తలుపు మొరాయించింది. ఒక ఆదివారం ఆమె వెళ్ళేసరికి అక్క భుజం ఆనించి తలుపు తోస్తోంది.

"చెమ్మకి చెక్క ఉబ్బి ఉంటుందక్కా."

"వానలేవే, చెమ్మ రావడానికి?"

ఇంకో ఆదివారం అక్క చేతిలోంచి దారపు రీలు జారి కింద పడింది. పడినచోట ఆగకుండా గదంతా దొర్లుకుంటూ పోయి మావయ్య గోడకి తగిలి ఆగింది. అక్క దాన్ని తెచ్చి నడిమధ్యన పెట్టి చెయ్యి తీసింది. రీలు మళ్ళీ అటే పోయింది. అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. చిన్నప్పుడు ఆ గదిలోనే గోళీలాడుకున్నారు, అప్పుడు ఏ గోళీ అయినా ఆగినచోటే ఆగేది.

తర్వాత సున్నం రాలడం మొదలైంది. గిరాకీలు కొత్త బట్టలు దులుపుకుని పట్టుకెళ్ళేవాళ్ళు. సైకిళ్ళ మావయ్య ఆమెను వీధిలో ఆపి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, గోడలోంచి టిక్కు టిక్కుమని ఏదో చప్పుడొస్తోందే. ఎలకలేమో అనుకున్నా. పట్టపగలు ఎలకలు ఇంత తెగిస్తాయా?"

ఆయనకు భయంగానే ఉంది. కానీ గ్రాంటు ఆఖరి వాయిదా ఇంకా రాలేదు, గట్టిగా అంటే ఎక్కడ ఆగిపోతుందోనని ఆయన బెంగ ఆయనది.

ఆమెకు తెలియదా అంటే, బాగా తెలుసు. ఆ ఇల్లు అక్క నెత్తిన పడేలా ఉందని తెలుసు. ఫోన్ మోగితే అక్క ఇంటి కబురేమోనని పరిగెత్తి తీసేది. "కొన్నాళ్ళు మా ఇంటికి వచ్చెయ్యి అక్కా" అని గడ్డం పట్టుకుని బతిమాలింది.

"మీ బిల్డింగులో మిషను చప్పుడుకి పక్కవాళ్ళు ఊరుకుంటారా? గిరాకీలు లిఫ్టెక్కి వస్తారా? ఇన్నేళ్ళూ మోసిన ఇల్లే ఇది. నేను కదలను" అంది అక్క.

ఇక మిగిలింది ఒక్కటే దారి. మూడిళ్ళనూ ఖాళీ చేయించి దుంగలు ఆనించమని ఆఫీసరుగా తనే రాయాలి. రాస్తే పథకం ఆగుతుంది. మొదటి ముసాయిదా ఎందుకు మార్చావమ్మా అని అడుగుతారు. సూదిమందు నవ్వుతాడు. రాయడానికి కూర్చునేది, "మా అక్క ఇల్లు" అనే మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. వీధి ప్రారంభోత్సవం అయిపోనీ, మర్నాడే రాసేస్తాను అనుకుంది. అలా అనుకున్నాక కాస్త నిద్ర పట్టింది కూడా.

ప్రారంభోత్సవానికి ముందు రోజు కమిషనరుగారు వీధి చూడటానికి వచ్చారు. వెనక సూదిమందు, గుమాస్తాలు. అద్దాలు చూసి, రంగులు చూసి, ఆయన మొహం చేటంత అయింది. అక్క ఇంటి ముందుకొచ్చేసరికి ఆగిపోయారు.

"పలువరసలో పన్ను ఊడినట్టు ఇదేంటమ్మా మధ్యలో? ఎవరిదీ ఇల్లు?"

తలుపు సగం తెరిచే ఉంది. లోపల మిషను చప్పుడు వినబడుతోంది. సూదిమందు ఆమె వైపే చూస్తున్నాడు, పెదాల చివర ఆ నవ్వు పెట్టుకుని.

"ఎవరిదో సర్" అంది ఆమె. "అర్హత లేదు."

లోపల మిషను ఆగింది. ఎంతసేపు ఆగిందో గానీ ఆమెకు మాత్రం ఒక యుగం గడిచినట్టనిపించింది. తర్వాత మళ్ళీ మొదలైంది.

"అయితే దీని మీద ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టించెయ్యండి. ఫోటోల్లో ఇది కనబడకూడదు" అని కమిషనరుగారు ముందుకు నడిచారు. ఆమె వెనకే నడిచింది. తలుపు వైపు తల తిప్పలేదు. తిప్పితే అక్క కళ్ళలోకి చూడాలి.

మర్నాడు పొద్దున్నే ఫ్లెక్సీ కట్టేశారు. మేడ అంచు నుంచి మెట్ల దాకా, తలుపును కూడా కప్పేస్తూ, డోలు చర్మంలా బిగించి మరీ కట్టారు. దాని మీద నవ్వుతున్న వీధి బొమ్మ, ఒక పక్క కమిషనరుగారు, ఇంకో పక్క నిలువెత్తున ఆమె. మనిషి రావడానికి సందు వదలమని అక్క అడిగిందట. ఫంక్షనయ్యాక విప్పేస్తాం కదమ్మా అన్నారట. ఈ సంగతి మావయ్య వచ్చి ఆమెకు చెప్పాడు. పక్కకెళ్ళి అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, నేనొచ్చి తాళ్ళు విప్పిస్తాను, బయటికొచ్చెయ్యి."

"ఎందుకులెండి" అంది అక్క. చెల్లెల్ని 'అండీ' అనడం పుట్టి బుద్ధెరిగి అదే మొదలు. "నా ఇంట్లో నేను కూర్చుంటాను. మిషను ఆపేస్తాలెండి, మీ ఉపన్యాసాలకు అడ్డం రాకుండా." ఫోన్ పెట్టేసింది.

వీధి నిండా కుర్చీలు వేశారు. జనం బాగానే వచ్చారు. బ్యాండువాళ్ళు డప్పులు అదరగొడుతుంటే కొత్త అద్దాలన్నీ గజగజ వణికాయి. కమిషనరుగారు రిబ్బను కత్తిరించి మైకు అందుకున్నారు. ఆమెను వేదిక మీద ఆయన పక్కనే కూర్చోబెట్టారు, ఎదురుగా అక్క ఇల్లు. అంటే ఎదురుగా తన బొమ్మే.

ఆ బొమ్మ మీదే చూపు నిలిపింది కాబట్టి అందరికంటే ముందు ఆమెకే కనబడింది. పొద్దున బిగువుగా ఉన్న ఫ్లెక్సీ మీద ముడత పడింది. ఆమె బొమ్మ భుజం దగ్గర మొదలై, నవ్వుతున్న వీధి మీదుగా కిందికి, ఏటవాలుగా.

గాలికేమో అనుకుంది. బల్ల మీది గుడ్డ చూస్తే దాని అంచు కూడా కదలడం లేదు. మళ్ళీ తలెత్తింది. ముడత పక్కన ఇంకో ముడత పడింది. లోపలెక్కడో కొలత తప్పింది.

అప్పుడైనా లేచిందా? లేవలేదు! ఆ మాటే చెప్పడానికి మనసు రావడం లేదు గానీ, చెప్పక తప్పదు. సూదిమందు ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కమిషనరుగారు "ఇంత నిజాయితీగల ఆఫీసరు" అంటున్నారు. జనం చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పట్లు ఆగేదాకా ఆమె కుర్చీలోనే ఉంది.

చప్పట్లు ఆగాక చప్పుడు వినబడింది. ఎండుకర్ర విరిగినట్టు చిన్న చప్పుడు. ఆమె లేచి కమిషనరుగారి చేతిలోంచి మైకు లాక్కుంది.

"వెనక్కి జరగండి! అందరూ జరగండి! ఆ ఇంట్లో మనిషుంది!"

"ఏంటమ్మా ఇది? ఎవరున్నారు?" అన్నారు కమిషనరుగారు తెల్లబోయి.

"మా అక్క సర్! నా సొంత అక్క!"

మైకు చేతిలోనే ఉంది. ఆ మాట వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా వినబడింది. మైకు పారేసి పరిగెత్తింది. కుర్చీలు తన్నుకుంటూ వెళ్ళి మెట్ల దగ్గర తాళ్ళు పట్టుకుంది. ముళ్ళు రాళ్ళలా బిగుసుకున్నాయి. గోళ్ళు విరిగాయి. "అక్కా! అక్కా, తలుపు తియ్యి! నేనే, చిన్నీని!" అని ఫ్లెక్సీని రెండు చేతులా బాదింది. కాళ్ళ కింద మెట్టు సన్నగా మూలిగింది.

ఆ తర్వాత లోపల తలుపు నేలను గీరుకుంటూ కదిలింది. కత్తెర మొన ఫ్లెక్సీని పొడుచుకుని బయటికొచ్చింది, ఆమె బొమ్మ గడ్డం కింద. మొన అక్కణ్ణుంచి పాదాల దాకా ఆగకుండా దిగింది. చీలికలోంచి అక్క వచ్చింది, మెడలో కొలత టేపు, చంకలో గిరాకీల బట్టల మూట. ఆమె చెయ్యి అందించింది. అక్క ఆ చెయ్యి పట్టుకోలేదు, పక్కనుంచి దిగి వీధి మధ్యకు నడిచింది.

ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో అనుకునే లోపే ఇల్లు కూలింది. మొదట పై గది కింది గదిలోకి దిగింది, తర్వాత రెండూ కలిసి మెట్ల మీదికి వచ్చాయి. వీధంతా దుమ్ము. పిల్లల ఏడుపులు. దుమ్ము అణిగేసరికి ఆ ఇంటి చోట ఆకాశం కనబడింది. ఇటుకల మధ్యనుంచి మిషను చక్రం ఒక్కటే పైకి తేలి ఉంది.

కమిషనరుగారు చెమట తుడుచుకుంటూ అక్క దగ్గరికి వచ్చారు.

"అమ్మా, దెబ్బలేం తగల్లేదు కదా? ఈ అమ్మాయి... మీ చెల్లెలా?"

అక్క చెల్లెలి వైపు చూసింది. నెత్తి నుంచి కాళ్ళ దాకా, కొలతలు తీసుకునేటప్పుడు గిరాకీని చూసినట్టు చూసింది. చెల్లెలు చేతులు జోడించబోయింది.

"ఎవరో ఆఫీసరమ్మ" అంది అక్క. "నాకేం కారు."

ఆ మాటలో కోపం కూడా లేదు. కోపం ఉంటే చెల్లెలు కాళ్ళ మీద పడి ఏడ్చేది. జోడించబోయిన చేతులు కిందికి దించేసుకుంది.

అప్పుడే టిక్కుమంది. ఈసారి బాబాయి అద్దం. కింది మూల నుంచి వెంట్రుకంత గీత బయల్దేరి, అద్దంలో కనబడుతున్న జనం మధ్యనుంచి పైకి పాకుతోంది. అటు మావయ్య దుకాణంలో గొలుసులకు వేలాడే సైకిళ్ళన్నీ ఒకే పక్కకి ఒరిగాయి. ఇక వాళ్ళ బరువు మోసే గోడ లేదు. వాళ్ళ అవతలి ఇళ్ళూ, ఆ అవతలివీ, అన్నీ వీళ్ళ మీద ఆనుకున్నవే. ఆ సంగతి అక్కడున్న వందల మందిలో అక్కాచెల్లెళ్ళిద్దరికే ఒకేసారి తట్టింది.

"మావయ్యా, అత్తయ్య పైనే ఉందా? దింపెయ్! సామాను వద్దు, మనిషిని దింపు!" అని అరిచి అక్క మూట వీధిలో పడేసి ఎడమ వైపుకి పరిగెత్తింది. ఆమె కుడి వైపుకి తిరిగి బాబాయి తలుపు బాదింది. ఆయన కళ్ళప్పగించి అద్దాన్నే చూస్తున్నాడు. చొక్కా పట్టుకుని బయటికి లాగి, ఆ పక్క ఇంటికి వెళ్ళింది, దాని పక్క ఇంటికి. ప్రతి గుమ్మానికీ కొత్త రంగు, ప్రతి దుకాణానికీ కొత్త అద్దం, ప్రతి దాని మీదా పథకం బొమ్మ అంటించి ఉంది. "బయటికి రండి, బయటికి రండి" అని ఒక్కో తలుపూ తడుతూ పోయింది.

అవతల అక్క కూడా అలాగే తలుపులు తడుతోంది. ఆమెకు అక్క గొంతు వినబడుతూనే ఉంది, దూరమవుతూ. ప్రతి గుమ్మం దగ్గరా ఆగినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసింది. దుమ్ములో అక్క వీపు కనబడింది. అక్క ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.